నక్షత్రాల బోర్డు, పల్లీపట్టీల డబ్బా

పటాన్‌చెరు,
12 జులై 2025

పెద్దమ్మకు,

ఎల్సీ వందనాలు. నేను ఫోను చేస్తే నువ్వు "ఆఁ? ఎవరూ? ఆఁ?" అని వీధి అదిరేలా అరిచి పెట్టేశావు. చెవి మిషన్ కొనిస్తానంటే వద్దంటావు. "ఉద్యోగమంత మూడో తరగతి లొల్లి విన్న, ఇగ చాలు" అన్నావట. అందుకని ఇకమీదట మన మాటలన్నీ ఉత్తరాల్లోనే. మీ అబ్బాయి చార్లీ అన్న రోజూ సంగారెడ్డి నుంచి కంపెనీ బస్సు నడుపుతూ మా గది ముందు నుంచే పోతాడు కదా, ఒక కవరు ఆయనకేం బరువు కాదు. "డ్రైవర్ నౌకరి అనుకున్న, పోస్టుమ్యాన్ నౌకరి గూడ తగిలిచ్చిండ్రు" అని నవ్వుతూనే తీసుకున్నాడు.

ఉద్యోగంలో చేరాను. కర్దనూర్ వెళ్లే రోడ్డు మీద ఉన్న ప్రైవేటు స్కూలు. మూడో తరగతికి క్లాస్ టీచర్‌ని. కరస్పాండెంట్ ప్రభాకర్ సార్ నీ శిష్యుడేనట. సంగారెడ్డి మిషన్ బడిలో నీ దగ్గర చదివానని ఇంటర్వ్యూలో గర్వంగా చెప్పాడు. నేను నీ చెల్లెలి కూతుర్నని తెలియగానే మిగతా ప్రశ్నలు అడగడం మానేశాడు. కాబట్టి ఈ ఉద్యోగంలో సగం నీది.

మా క్లాసులో గోడకి ఒక పెద్ద బోర్డు ఉంది. పిల్లలు నాలుగు వరసలు. మంజీర, గోదావరి, కృష్ణ, మూసీ అని వరసలకు పేర్లు. కదలకుండా, మాట్లాడకుండా కూర్చుంటే ఆ వరసకి ఒక బంగారు రంగు నక్షత్రం. నెలకోసారి ఎక్కువ నక్షత్రాలున్న వరసని నీళ్ల పార్కుకి తీసుకుపోతారు. బీఎడ్‌లో ప్రవర్తనావాదం అని చదివేదాన్ని, గుర్తుందా? పిల్లవాడి మనసులో ఏముందో మనకు అక్కర్లేదు, పైకి కనిపించే ప్రవర్తన చాలు, మనకు కావలసిన పని చేసిన వెంటనే బహుమానం ఇస్తే ఆ పని అలవాటవుతుంది, దానికి పునర్బలనం అని పేరు. పరీక్షలో నాకు ఆ ప్రశ్నకే మంచి మార్కులు వచ్చాయి. ఇప్పుడు క్లాసులో దాన్ని చూస్తుంటే మాత్రం ఏదో ఇబ్బందిగా ఉంది. పిల్లలు నా ముఖం చూడటం లేదు పెద్దమ్మా, బోర్డు చూస్తున్నారు.

మంజీర వరసలో నిషిత అని ఒక పిల్ల ఉంది. నోరు మూతపడదు. నీళ్లలో ఉప్పు ఎటు పోతుందని అడుగుతుంది. పొగ పైకే ఎందుకు పోతుందంటుంది. మధ్యాహ్నం అయిందంటే ముక్కు మూసుకుని "టీచర్, వాసనొస్తున్నది" అంటుంది. ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాసన నీకు కొత్తేం కాదు. మిగతా వాళ్లకి అలవాటైపోయింది, ఆ పిల్లకి కాలేదు.

నీ సలహా రాయి.

ఎప్పుడూ నీతో పోట్లాడే
ఎల్సీ

*

సంగారెడ్డి,
17 జులై 2025

ఎల్సీ బిడ్డకు,

దేవుని కాపుదల నీకు ఉండుగాక. నీ ఉత్తరానికి పదికి ఆరు మార్కులు. అక్షరం కుదురుగా ఉంది, వాదన కుదురుగా లేదు.

చేరిన నెలకే పద్ధతి బాగాలేదంటావేం? నా పల్లీపట్టీల డబ్బా సంగతి మర్చిపోయావా? ఆ డబ్బా తినే కదా నువ్వు ఇంతదానివయ్యావు! మూడో తరగతిలో నువ్వు నోరు తెరిచేదానివి కాదు. పేరు అడిగితే నా చీర కొంగు వెనక దాక్కునేదానివి. ఒకరోజు లెక్క అడిగితే లేచి తప్పు జవాబు చెప్పావు. నేను డబ్బా మూత తీసి నీకొక పల్లీపట్టీ ఇచ్చాను. క్లాసంతా గోల, "టీచర్, తప్పు చెప్తే ఇచ్చిండ్రేంది?" అని. జవాబుకు కాదు, నోరు తెరిచినందుకు ఇచ్చాను. మర్నాడు మళ్లీ లేచావు. ఇప్పుడు నీ నోరు మూయించడం నా వల్ల కావడం లేదు. ఇదీ పునర్బలనం అంటే. నువ్వు పుస్తకంలో చదివావు, నేను పల్లీలు, బెల్లంతో చేసి చూపించాను.

ఆదివారపు బడిలోనూ అంతే. వాక్యం కంఠతా చెప్పిన ప్రతి పిల్లకీ నా డబ్బాలోంచి ఒకటి. పాస్టరమ్మ "ప్రభువు మాటకు లంచమా?" అని మూతి తిప్పింది. తర్వాత ఆమె మనవడే అందరికన్నా ముందు వచ్చి కూర్చునేవాడు.

కాబట్టి ఇబ్బంది, గిబ్బంది అనకుండా బోర్డు సరిగ్గా నడుపు. ఇవ్వాల్సింది వెంటనే ఇవ్వు. ఎందుకిస్తున్నావో పిల్లకి తెలిసేలా ఇవ్వు. ప్రభాకర్ బుద్ధిమంతుడు. చిన్నప్పుడు ఎక్కాలు చెప్పి నా డబ్బా సగం వాడే ఖాళీ చేశాడు. నా పద్ధతి వాడి స్కూల్లో నడుస్తోందంటే నాకు ఎంత సంతోషమో నీకు తెలియదు. రిటైరైన టీచర్ని ఎవరు తలుచుకుంటారే!

వానలు మొదలయ్యాయి, గొడుగు మర్చిపోకు. మార్కులు తగ్గాయని అలగకు.

నీ మేలు కోరే
సౌభాగ్యమ్మ పెద్దమ్మ

*

పటాన్‌చెరు,
23 ఆగస్టు 2025

పెద్దమ్మకు,

వందనాలు. నీ డబ్బాని నేనేమీ అనలేదు, అన్నట్టు రాశావు. సరే, ఈసారి ఇంకా తక్కువ మార్కులు వేసుకో.

మొదటి ఉత్తరంలో నీకు సగమే రాశాను. నక్షత్రం ఇవ్వడం ఒక్కటే కాదు, తీసెయ్యడం కూడా ఉంది. క్లాసులో కెమెరా ఉంది. ప్రభాకర్ సార్ ఆఫీసులో కూర్చుని టీవీలో అన్ని క్లాసులూ చూస్తుంటాడు. ఎవరైనా అడగకుండా లేచినా, పక్కపిల్లతో మాట్లాడినా, ఆయన అక్కడ మీట నొక్కుతాడు. మా క్లాసులో బజర్ మోగుతుంది. మోగగానే నేను లేచి ఆ వరసలోంచి ఒక నక్షత్రం పీకాలి. ఒక్క పిల్ల చేస్తే వరస మొత్తానికి పోతుంది. అందుకని మిగతావాళ్లే ఆ పిల్లని గిచ్చి, గిల్లి సరిచేస్తారు. టీచరు కేక వెయ్యనక్కర్లేదు, బెత్తం అక్కర్లేదు. సార్ దీన్ని శాస్త్రీయ క్రమశిక్షణ అంటాడు. చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు చెప్పులు విప్పి మరీ లోపలికి తొంగి చూస్తారు, అంత నిశ్శబ్దం.

నిషిత నోరు మూతపడింది. వాసనొస్తోందని చెప్పిన ప్రతిసారీ బజర్ మోగింది, మంజీర వరసకి నక్షత్రం పోయింది. ఇప్పుడు మధ్యాహ్నం అయితే ఆ పిల్ల మాట్లాడదు, గౌను అంచు ముక్కుకి అడ్డం పెట్టుకుని బోర్డు వైపు చూస్తూ కూర్చుంటుంది. నీళ్లలో ఉప్పు ఎటు పోయినా ఆమెకు ఇప్పుడు పట్టదు. నిన్న వాళ్ల నాయనమ్మ మొగులమ్మ గేటు దగ్గర నన్ను ఆపింది. ఆమె ఒక కంపెనీ క్యాంటీన్‌లో పని చేస్తుంది. "టీచరమ్మా, మా పిల్లకు ఏం జేసిండ్రు? ఇంట్ల గూడ చెయ్యి లేపి నీళ్లు అడుగుతున్నది. ఇంతకుముందు దాని మాటలకు మా చెవులు తూట్లు వడేటివి. ఇప్పుడు సప్పుడే లేదు" అంది.

నాకు అసలు కోపం నా చేతి మీద. బీఎడ్‌లో ఆ కుక్క కథ చెప్పారు కదా, గంట కొట్టి అన్నం పెడితే పెడితే చివరికి గంటకే నోరూరుతుందని. మొన్న రోడ్డు మీద ఏదో లారీ మా క్లాసు బజర్ లాంటి శబ్దంతోనే రివర్స్ తీసింది. నేను గది అరుగు మీద కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. మేము కుక్కల్ని తయారుచేస్తున్నాం పెద్దమ్మా. మొదటి కుక్క నేనే.

ఇలాగైతే ఒకరోజు ఆ బోర్డు పీకేస్తాను. ముందే చెబుతున్నాను.

కోపంగా,
నీ ఎల్సీ

*

సంగారెడ్డి,
8 సెప్టెంబర్ 2025

ఎల్సీకి,

దీవెనలు. నీకు జవాబు ఆలస్యం చేశాను. కావాలనే చేశాను. పిల్లలకి బహుమానం ఇచ్చే టీచర్లు కుక్కల్ని తయారుచేస్తారని రాశావు. ఆ లెక్కన సంగారెడ్డిలో సగం ఊరు నేను పెంచిన కుక్కలే. కోర్టులో గుమాస్తాలు, బస్సు డిపోలో కండక్టర్లు, ఇద్దరు డాక్టర్లు. వాళ్లెవరూ నన్ను చూసి మొరగలేదు, నమస్కారం పెడతారు.

అయినా ఇప్పుడు రాస్తున్నది దానికోసం కాదు. నిన్న ఆరాధన అయ్యాక ప్రభాకర్ ఇంటికొచ్చాడు. ఆపిల్ పండ్లు తెచ్చి, కాళ్లకి దండం పెట్టి, నాకు వినబడాలని పక్కనే కూర్చుని నెమ్మదిగా, గట్టిగా చెప్పాడు. "టీచర్, మా స్కూల్‌ల ఉన్నది మీ పద్ధతే. మీరు లేకపోతే నేను లేను" అన్నాడు. నా కళ్లల్లో నీళ్లొచ్చాయి. తర్వాత నీ సంగతి చెప్పాడు. పోయిన గురువారం క్లాసులో ఒక పిల్ల పొద్దున తినక కళ్లు తిరిగి పడిపోతే, నువ్వు గ్యాసు గ్యాసు అని అరిచి, పిల్లలందరినీ ఎవరినీ అడగకుండా రోడ్డు మీదికి తోలావట. బోర్డు పీకి నేలకేసి కొట్టావట. ట్రాఫిక్‌లో పిల్లలకి ఏమన్నా అయితే ఎవరు జవాబుదారీ?

వాడు నిన్ను తీసెయ్యలేదు. నా ముఖం చూసి. ఇరవయ్యో తారీకు, దసరా సెలవులకి ముందు తల్లిదండ్రుల మీటింగు ఉందట. అందులో నువ్వు లేచి, పిల్ల తినక పడిపోయింది, నేను తొందరపడ్డాను అని రెండు ముక్కలు చెబితే చాలు, ఏమీ జరగనట్టే చూసుకుంటానన్నాడు. నీ తరఫున నేను మాట ఇచ్చాను.

ఉద్యోగం ఊరికే రాదు. నోటి దూకుడు తగ్గించుకో. ఈసారి పదికి నాలుగు.

సౌభాగ్యమ్మ

*

పటాన్‌చెరు,
11 సెప్టెంబర్ 2025

పెద్దమ్మకు,

వందనాలు కూడా రాయబుద్ధి కావడం లేదు, అయినా రాస్తున్నాను. మార్కులు నీ దగ్గరే పెట్టుకో.

నా మాట నువ్వెట్లా ఇస్తావు? నన్ను ఒక్క ముక్క అడగలేదు. ఆపిల్ పండ్లు తెచ్చి, కాళ్లకి దండం పెట్టి, నీ పద్ధతే అన్నాడు, నువ్వు కరిగిపోయావు. నువ్వు ప్రతివాడికీ బహుమానం ఇచ్చేదానివి కదా, ఈసారి నీకు ఇచ్చారు. ఏం చేస్తే ఇచ్చారో ఆలోచించు.

జరిగింది నేను చెబుతాను, విను.

గురువారం మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక. ఆకాశం మబ్బు పట్టి గాలి బరువుగా కిందికి దిగింది. కిటికీలోంచి వాసన వచ్చింది. రోజూ వచ్చేది కాదు, గొంతులో గుచ్చుకునేది. నేను నల్లబల్ల మీద లెక్క రాస్తున్నాను. నాకూ కళ్లు మండాయి, సుద్దపొడి అనుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే క్లాసంతా కళ్లల్లోంచి నీళ్లు కారుస్తూ చేతులు కట్టుకుని కూర్చుంది. ఒక్కళ్లూ కదల్లేదు. ఒక్కళ్లూ దగ్గలేదు. దగ్గు వస్తే పెదాలు బిగించుకుని లోపలే మింగుతున్నారు. ఎందుకో తెలుసా? మర్నాడు నీళ్ల పార్కుకి ఏ వరస పోతుందో చెప్పే రోజు. మంజీరకీ గోదావరికీ సమానంగా నక్షత్రాలున్నాయి.

అప్పుడు నిషిత బెంచీ మీద నుంచి పక్కకి జారి నేల మీద పడింది. పెద్దమ్మా, పక్కనే ఉన్న పిల్లలు కూడా లేవలేదు. స్నేహితురాలు కాళ్ల దగ్గర పడితే, తలలు వంచి ఒకసారి చూసి, మళ్లీ నక్షత్రాల బోర్డు వైపు చూశారు. నేను దీన్ని జన్మలో మర్చిపోను.

నిషితని భుజాన వేసుకుని "లేవండి, అందరూ బయటికి పదండి!" అని అరిచాను. లేవలేదు. అనుమతి అని రాసిన పచ్చ అట్ట నేను నక్షత్రాల బోర్డు మీద పెడితే తప్ప వాళ్లు లేవకూడదు, అదీ సార్ పెట్టిన నియమమే. వాళ్ల ముందే ఆ నక్షత్రాల బోర్డు మేకుతో సహా పీకి నేల మీద పడేశాను. అప్పుడు లేచారు. గాలికి ఎదురుగా రోడ్డు దాటించి, మిర్చి బజ్జీల బండి వెనక ఖాళీ స్థలంలో కూర్చోబెట్టాను. బండి ఆమె తన బిందెడు నీళ్లూ పిల్లల ముఖాలకే పోసింది. మేము బయటికి వచ్చేదాకా వెనక క్లాసులో బజర్ మోగుతూనే ఉంది. ఖాళీ బెంచీలకి మోగుతోంది.

నిషిత ఆసుపత్రిలో ఒక రోజు ఉండి ఇంటికొచ్చింది. ఆ పిల్ల పొద్దున తినలేదట! మొగులమ్మ జొన్నరొట్టె, పప్పు తినిపించి పంపింది. మధ్యాహ్నం నా ముందే అన్నం డబ్బా ఖాళీ చేసింది. ఇక నేను మీటింగులో లేచి, పేదింటి పిల్ల తినక పడిపోయిందని చెప్పాలి. వాళ్ల నాయనమ్మ వంటని నేను అబద్ధం చెయ్యాలి. మళ్లీ అదే గదిలో అదే బోర్డు పెట్టి, వాసన వస్తే నోరు మూసుకునేలా నేర్పాలి.

చెప్పను. ఉద్యోగం పోతే పోతుంది. గది కిరాయి కట్టలేకపోతే సంగారెడ్డి వచ్చి నీ వరండాలో పడుకుంటాను, వెళ్లగొట్టు చూద్దాం. నువ్వు ఇచ్చిన మాట నువ్వే వెనక్కి తీసుకో.

ఎల్సీ

*

సంగారెడ్డి,
15 సెప్టెంబర్ 2025

ఎల్సీకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మన్నించమని రాస్తానని చూస్తున్నావేమో, రాయను. నా వయసుకి ఆ అలవాటు లేదు, ఇప్పుడు నేర్చుకోను.

ప్రభాకర్‌కి మాట ఇచ్చింది నేను. ఆ మాట ఏం చెయ్యాలో ఉత్తరాల్లో తేలే సంగతి కాదు. ఇరవయ్యో తారీకు నేనే వస్తాను. వాడికి కబురు పంపాను, ముందు వరసలో కుర్చీ వేయిస్తానన్నాడు. చార్లీ బస్సులో దింపుతాడు. డబ్బా తెస్తాను.

సౌభాగ్యమ్మ

*

పటాన్‌చెరు,
17 సెప్టెంబర్ 2025

పెద్దమ్మకు,

రావద్దు. ఆయన వేసిన కుర్చీలో నువ్వు కూర్చుంటే నేను చూడలేను. వచ్చినా డబ్బా మాత్రం తేవద్దు. నాకు పల్లీపట్టీ పెట్టి అబద్ధం చెప్పిద్దామని అనుకుంటున్నావేమో, నేనిప్పుడు మూడో తరగతిలో లేను.

ఎల్సీ

*

పటాన్‌చెరు,
21 సెప్టెంబర్ 2025

పెద్దమ్మకు,

వందనాలు. నిన్న మీటింగులో నువ్వు మొదటి వరసలోనే ఉన్నావు కానీ నీకు సగం వినబడలేదు. చార్లీ అన్నకి షిఫ్టు టైమైందని నిన్ను తొందరగా బస్సెక్కించాడు. అందుకని నువ్వున్న మీటింగు గురించి నీకే రాస్తున్నాను.

ప్రభాకర్ సార్ పక్కన, తెల్లచీరలో, ఒళ్లో డబ్బా పెట్టుకుని నువ్వు కూర్చుని ఉన్నావు. సరే, అందరూ ఒకవైపు, నేనొక్కదాన్ని ఒకవైపు అనుకున్నాను. నక్షత్రాల బోర్డుకి కొత్త మేకు కొట్టి హాల్లోకి తెచ్చి పెట్టారు. దాని కింద పిల్లలు చేతులు కట్టుకుని నాలుగు వరసల్లో ఉన్నారు. సార్ ముందు నీ గురించే చెప్పాడు. ఈ పద్ధతికి తల్లి మా సౌభాగ్యమ్మ టీచర్ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు అటూ ఇటూ చూశావు. తర్వాత, ఆ రోజు ఏం జరిగిందో ఎల్సీ టీచరే చెబుతారన్నాడు.

నేను లేచి "నిషిత ఆ రోజు కడుపునిండా తినే వచ్చింది" అన్నాను. సార్ చేతిలో బజర్ ఉంది. నొక్కాడు.

పెద్దమ్మా, నా నోరు మూతపడింది. నేను మూయలేదు, అదే పడింది. అంత పట్టుదలతో వెళ్లినదాన్ని, ఒక్క చప్పుడుకి ఆగిపోయాను. పిల్లలు వెన్నులు నిటారుగా పెట్టారు. టీచర్లు తలలు వంచారు. వెనక నిలబడ్డ తండ్రులు, రోజూ షిఫ్టు సైరన్‌కి లేచి షిఫ్టు సైరన్‌కి తినేవాళ్లు, వాళ్లూ గొణుగుడు ఆపేశారు. హాలంతా బిగుసుకుపోయింది. ఆ హాల్లో బజర్ వినబడని మనిషివి నువ్వొక్కదానివే.

"ఏందే, ఎందుకాగినవ్?" అని అరిచావు. "జెర గట్టిగ చెప్పు, నాకు వినవడ్తలేదు!"

సార్ మళ్లీ నొక్కాడు. నువ్వు ఆయన వైపు తిరిగి ఇంకా గట్టిగా మొదలుపెట్టావు. "ప్రభాకర్, నా డబ్బల పల్లీపట్టీ నీకు ఎందుకిచ్చిన్నో యాదున్నదా? జవాబు చెప్పినవని ఇచ్చిన. నోరు మూసుకున్నందుకు ఎన్నడన్న ఇచ్చిన్నా? ఇచ్చినంక నీ చేతులకెల్లి ఎన్నడన్న గుంజుకున్ననా? ఒకడు తప్పు జేస్తె పక్కోనిది గుంజుకున్ననా? ఇది నా పద్ధతి అని ఏ మొకంతోని చెప్తున్నవ్ రా?" ఆయన బజర్ నొక్కుతూనే ఉన్నాడు. నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు. ఎవరో తండ్రి కిసుక్కున నవ్వాడు. తర్వాత మొగులమ్మ నవ్వింది. పిల్లలు తలలు తిప్పి బోర్డుని కాదు, నిన్ను చూశారు. "మాట ఇచ్చిన, వాపస్ తీసుకుంటున్న" అని నువ్వు కూర్చున్నావు.

అప్పుడు నాకు నోరొచ్చింది. బజర్ మోగుతుండగానే మొత్తం చెప్పాను. వాసన సంగతి, పిల్లలు దగ్గు మింగిన సంగతి, నిషిత పడితే ఎవరూ లేవని సంగతి. వాళ్ల తప్పు కాదు, మేము అలాగే నేర్పాం అని చెప్పాను. మొగులమ్మ లేచి "మా పిల్ల తినలే అని ఎవరన్నరు సారూ? నేను తినవెట్టిన. ఇంకోపారి గా మాటంటే బాగుండది" అంది.

తర్వాత జరిగింది నీకు వినబడలేదని నాకు తెలుసు, ఎందుకంటే చిన్న గొంతు. మంజీర వరసలోంచి నిషిత లేచింది. చెయ్యి లేపలేదు. పచ్చ అట్ట కోసం చూడలేదు. "వాసనొచ్చింది సార్. అంతకుముందు గూడ వచ్చింది. చెప్తే స్టార్ తీసేస్తున్నరని చెప్పలే" అంది. బజర్ మోగింది. ఆ పిల్ల కూర్చోలేదు. పక్కనున్న పిల్ల లేచి "నాకు గూడ కండ్లు మండినయి" అంది. గోదావరి వరసలోంచి ఒకడు, మూసీలోంచి ఒకతి. సార్ చివరికి బజర్ జేబులో పెట్టుకున్నాడు.

మీటింగు అయ్యాక ఆఫీసులోకి పిలిచి రేపటి నుంచి రావద్దన్నాడు. రేపటి నుంచి దసరా సెలవులు సార్, ఎట్లాగూ రాను అన్నాను. ఇంత గొడవలోనూ నాకు నవ్వొచ్చింది. తండ్రులు కొందరు సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయి వాసన మీద ఫిర్యాదు ఇస్తామంటున్నారు. నన్నూ రమ్మన్నారు, వెళతాను. బోర్డు తీసెయ్యకపోతే సెలవుల తర్వాత పిల్లల్ని బడికి పంపేది లేదని కూడా అన్నారు. ఏమవుతుందో తెలియదు. నాకు ఉద్యోగం మాత్రం లేదు, అది ఖాయం.

ఇక ఒక్క మాట. ఆఫీసు కిటికీలోంచి చూశాను. నువ్వు బస్సెక్కే ముందు నిషిత దగ్గర వంగి ఏదో అంటున్నావు. డబ్బా మూత తీసి ఉంది. తేవద్దని రాశాను కదా. ఇచ్చావా? నువ్వు నా కోసం నిలబడ్డావు, దానికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. కానీ ఆ పిల్లకి పల్లీపట్టీ ఇచ్చి ఉంటే మాత్రం నేను ఊరుకోను. దాని ధైర్యం దానిది. అది నీ డబ్బాలో ఇమిడేది కాదు.

ప్రేమతో, ఇంకా కొంచెం కోపంతో,
ఎల్సీ

*

సంగారెడ్డి,
26 సెప్టెంబర్ 2025

ఎల్సీ బిడ్డకు,

తండ్రి నిన్ను తన రెక్కల నీడలో దాచుగాక. వరండాలో మంచం వేయించాను. మెత్తటి దుప్పటి తీసి పెట్టాను. నువ్వొచ్చి ఆదివారపు బడి పిల్లల్ని చూసుకో, నా గొంతు ఇప్పుడు వాళ్లకి చాలడం లేదు. ఇంకో ఉద్యోగం దొరికేదాకా ఎవరికీ తలవంచాల్సిన పని లేదు.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. నా పద్ధతి తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోను. దేనికి బహుమానం ఇస్తామో అదే పెరుగుతుంది. ప్రభాకర్ నోరు మూసుకోవడానికి ఇచ్చాడు, కాబట్టి నోరు మూసుకోవడం పెరిగింది. సిద్ధాంతం సరిగ్గానే పనిచేసింది, వాడి బుద్ధే సరిగ్గా లేదు. ఇంత చదివి నీకు ఆ ముక్క తట్టలేదు. నువ్వు మొత్తం సిద్ధాంతం మీదే రాయి వేశావు. వాడు మొన్న మళ్లీ పండ్లు పంపాడు. చార్లీ చేత అలాగే వాపసు పంపాను.

బజర్ సంగతి నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. వాడు మాటిమాటికీ బొటనవేలు అట్లా ఎందుకు నొక్కుకుంటున్నాడా అని చూశాను. చెయ్యి నొప్పేమో అనుకున్నాను. ఇక నువ్వూ చార్లీ చెవి మిషన్ మాట నా ముందు ఎత్తకండి.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి జవాబు. అవును, డబ్బా తీసుకొచ్చాను. నువ్వు వద్దంటే తీసుకురాకుండా ఉంటానా? ఆ పిల్ల ఏమన్నదో నాకు వినబడకపోయినా, ఒక్కతే లేచి నిలబడటం కళ్లారా చూశాను. నా డబ్బా ఉన్నదే అట్లాంటి పిల్లల కోసం. అందుకే బయట పిలిచి, మూత తీసి, బాగా పల్లీలున్న ముక్క ఏరి చేతిలో పెట్టబోయాను. చెయ్యి వెనక్కి లాక్కుంది. సిగ్గుపడిందేమో అనుకుని మళ్లీ పెట్టబోయాను. తల అడ్డంగా ఊపి ఏదో అంది. "ఏందమ్మా, నాకు చెవులు వినవడయి" అన్నాను.

అప్పుడు ఆ పిల్ల నా మెడ పట్టుకుని వంచి, చెవి దగ్గర నోరు పెట్టి, రోడ్డు మీద పోయేవాళ్లు కూడా తిరిగి చూసేటట్టు అరిచింది.

"గిందుకోసం చెప్పలే అవ్వా! వాసనొచ్చింది, గందుకే చెప్పిన!"

ఆ డబ్బా పట్టుకుని ఎన్ని తరగతులు నడిపానో, ఎన్ని చేతుల్లో పల్లీపట్టీ పెట్టానో. వద్దన్న చెయ్యి ఇదొక్కటే. దీన్ని ఏమంటారో నేను చదివిన పుస్తకాల్లో లేదు. బస్సులో ఆ ముక్క నేనే తిన్నాను. చార్లీ అద్దంలో చూసి ఏందమ్మా ఏడుస్తున్నవ్ అన్నాడట, నాకు వినబడలేదు.

ఆ పిల్ల అన్నది మాత్రం పూర్తిగా వినబడింది.

ఈసారి నీకు మార్కులు వెయ్యడం లేదు.

సౌభాగ్యమ్మ పెద్దమ్మ